తొమ్మిది గంటల థీసిస్, మూడు నిమిషాల గడువు

క్లుప్తంగా: పీహెచ్‌డీ విద్యార్థులు తమ పరిశోధనను మూడు నిమిషాల్లో, ఒకే స్లైడ్‌తో, ఆ సబ్జెక్టు తెలియనివాళ్లకు చెప్పే 'త్రీ మినిట్ థీసిస్' పోటీ 2008లో ఆస్ట్రేలియాలో మొదలైంది. ఇప్పుడు 85కు పైగా దేశాల్లో, 900కు పైగా విశ్వవిద్యాలయాల్లో జరుగుతోంది. దీనివల్ల జనానికి సైన్స్ అర్థమవుతుందని చెబుతారు కానీ, దీంతో ముందుగా బాగుపడేది చెప్పే విద్యార్థే. వినేవాళ్లకు అందే లాభం ఏ భాషలో, ఎవరి ముందు చెబుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

పెళ్లిలో భోజనాల దగ్గర ఎవరో పెద్దాయన అడుగుతారు: "ఏం చదువుతున్నావమ్మా?" పీహెచ్‌డీ అని జవాబు. "దేంట్లో?" అని రెండో ప్రశ్న. మాలిక్యులర్ బయాలజీ అనో, టోపాలజీ అనో చెప్పగానే, "ఓహో" అని ఆయన పప్పు వైపు తిరుగుతారు. నాలుగైదేళ్ల పని ఒక్క ఓహోతో ముగిసిపోతుంది. పరిశోధక విద్యార్థుల్లో ఈ సంభాషణ ఎదురుకానివాళ్లు తక్కువ. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్పే ప్రయత్నంగా ఈ మూడు నిమిషాల పోటీని చూడొచ్చు.

కరువులో పుట్టిన ఆలోచన

2008 నాటికి క్వీన్స్‌లాండ్ రాష్ట్రం తీవ్రమైన నీటి ఎద్దడిలో ఉంది. స్నానానికి ఎంతసేపు షవర్ తిప్పాలో లెక్క చూసుకొమ్మని అధికారులు జనానికి చెప్పారు. చాలామంది కోడిగుడ్డు ఉడకబెట్టేటప్పుడు వాడే మూడు నిమిషాల టైమర్‌ను బాత్‌రూమ్ గోడకు తగిలించుకున్నారు. బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్‌గా ఉన్న అలన్ లాసన్‌కు ఆ టైమర్ నుంచే ఈ ఆలోచన తట్టిందని ఆ విశ్వవిద్యాలయం చెబుతుంది. తొలి ఏడాది పోటీలో 160 మంది విద్యార్థులు పాల్గొన్నారు. 2009, 2010ల్లో ఇది ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలోని ఇతర విశ్వవిద్యాలయాలకు పాకింది. 2010లో రెండు దేశాలకూ కలిపి తొలి పోటీ జరిగింది.

టైమర్ కథ బాగానే ఉంది. అయితే ఈ పోటీ ఆస్ట్రేలియాలోనే పుట్టడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మన దగ్గర థీసిస్ ఇచ్చాక వైవా, అంటే నోటి పరీక్ష, తప్పదు. ఆస్ట్రేలియాలో అప్పట్లో చాలా విశ్వవిద్యాలయాల్లో వైవా అనేదే లేదు. థీసిస్‌ను బయటి పరీక్షకులకు పంపేవారు, వాళ్లు నివేదిక రాసి పంపేవారు, దాన్నిబట్టి డిగ్రీ. పరీక్షకులు వేల కిలోమీటర్ల అవతల ఉండే దేశానికి అది సహజమైన ఏర్పాటే. ఫలితంగా, ఒక విద్యార్థి తన పరిశోధన గురించి నలుగురి ముందు నోరు విప్పకుండానే డాక్టర్ అయిపోవచ్చు. నోటితో చెప్పే సందర్భం లేనిచోట అలాంటి సందర్భాన్ని పోటీ రూపంలో తెచ్చిపెట్టారని అనుకోవచ్చు.

ఒక్కో సెకనుకు మూడు నిమిషాల సరుకు

ఈ పోటీ ప్రచారంలో ఒక లెక్క తరచూ వినిపిస్తుంది. 80,000 పదాల థీసిస్‌ను పైకి చదివితే తొమ్మిది గంటలు పడుతుంది, పోటీలో ఉండేది మూడు నిమిషాలు. తొమ్మిది గంటలంటే 540 నిమిషాలు, అంటే నిమిషానికి సుమారు 148 పదాలు. ఆ వేగంతో మూడు నిమిషాల్లో పట్టేది దాదాపు 444 పదాలు. ఈ లెక్కను తిప్పి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది: వేదిక మీద గడిచే ప్రతి సెకనూ థీసిస్‌లో మూడు నిమిషాల సరుకును మోయాలి. 180వ వంతుకు కుదించడమంటే క్లుప్తంగా చెప్పడం కాదు. దాదాపు అంతా పారేయడమే. ఏది ఉంచాలన్నదే అసలు పరీక్ష.

ఇది ఇంగ్లిష్ లెక్క. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ మాటలోనే కలిసిపోయి మాట పొడవవుతుంది కాబట్టి, అదే సమయంలో పట్టే మాటల సంఖ్య ఇంకా తగ్గుతుంది.

నియమాలు గట్టివి. ఒకే ఒక్క స్లైడ్, అదీ కదలనిది. యానిమేషన్లు, వీడియోలు, శబ్దాలు ఉండకూడదు. చేతిలో వస్తువులు పట్టుకురాకూడదు, ల్యాబ్ కోటు లాంటి వేషాలు వేయకూడదు. పాట, పద్యం, ర్యాప్ కుదరవు, మామూలుగా మాట్లాడాల్సిందే. విద్యార్థి మాటతో గానీ కదలికతో గానీ మొదలుపెట్టిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. మూడు నిమిషాలు దాటితే పోటీ నుంచి అవుట్. అప్పటికే డిగ్రీ వచ్చేసినవాళ్లకు ప్రవేశం లేదు.

చూడ్డానికి ఇవి పిల్లల ఆటకు పెట్టిన షరతుల్లా ఉంటాయి. నిజానికి ఒక్కోటీ ఒక్కో దొడ్డిదారిని మూసేస్తుంది. సెమినార్లలో మాట తడబడినప్పుడు విద్యార్థులు ఆసరా వెతుక్కునేది స్లైడ్‌లోనే. "ఇక్కడ చూస్తే..." అంటూ గ్రాఫ్ మీద లేజర్ తిప్పితే అరనిమిషం గడిచిపోతుంది. నలభై స్లైడ్‌లు ఉంటే, వాటిని వరసగా చదవడమే ప్రసంగం అయిపోతుంది. ఒక్క స్లైడ్ మాత్రమే ఉన్నప్పుడు దాన్ని చదవడానికి పది సెకన్లు చాలు. మిగతా 170 సెకన్లు మాట మీదే నడవాలి.

న్యాయనిర్ణేతలు రెండు విషయాలు చూస్తారు: వినేవాళ్లకు విషయం అర్థమైందా, వాళ్ల ఆసక్తి నిలిచిందా. ఈ రెండోదాని కింద ఒక మెలిక ఉంది. పరిశోధనను చులకన చేశారా, మరీ సాధారణీకరించారా అన్నదీ చూస్తారు. సులువుగా చెప్పాలి, అలాగని తేలిక చేయకూడదు. పోటీలో తప్పులు ఎక్కువగా జరిగేది ఈ సన్నని గీత దగ్గరే.

తట్టేవాళ్లకు వినిపించే పాట

తెలిసిన విషయాన్ని తెలియనివాళ్లకు చెప్పడం ఎందుకంత కష్టం? దీన్ని చక్కగా పట్టి చూపింది కూడా ఒక పీహెచ్‌డీ థీసిసే. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేశారు. కొందరికి అందరికీ తెలిసిన పాటలు ఇచ్చి, వాటిని బల్ల మీద వేలితో తట్టమన్నారు. ఎదుట కూర్చున్నవాళ్లు ఆ పాటేమిటో చెప్పాలి. తట్టేవాళ్లను ముందే అడిగితే, సగం పాటలైనా గుర్తుపడతారని అంచనా వేశారు. తట్టిన 120 పాటల్లో గుర్తుపట్టినవి మూడే.

తట్టేవాళ్ల తలలో పాట మొత్తం, స్వరంతో, పదాలతో మోగుతూ ఉంటుంది. ఎదుటివాళ్లకు వినిపించేది ఉత్త టకటక. తనకు వినిపిస్తున్నది ఎదుటివాళ్లకు వినిపించడం లేదన్న సంగతిని తట్టేవాళ్లు ఊహించలేకపోయారు. నాలుగేళ్లు ఒకే ల్యాబ్‌లో, ఒకే గైడ్‌తో, ఒకే పదజాలంతో గడిపిన విద్యార్థి పరిస్థితీ ఇదే. చుట్టూ ఉన్న పదిమందికీ ఆ పాట వచ్చు కాబట్టి టకటక చాలు. హాల్లో కూర్చున్న కామర్స్ విద్యార్థికి రాదు.

మూడు నిమిషాల నియమం ఆ భ్రమను కొంత బద్దలుకొడుతుంది. సమయం చాలదు కాబట్టి ముందు వెళ్లిపోయేది పద్ధతుల వివరం. తర్వాత సాహిత్య సమీక్ష. ఆ తర్వాత చిన్నచిన్న ఫలితాలు. చివరికి ఒక ప్రశ్న, దానికి దొరికిన ఒక జవాబు మిగలాలి. చాలామందికి ఇక్కడే చిక్కొస్తుంది, ఎందుకంటే థీసిస్‌లో అయిదు అధ్యాయాలుంటాయి గానీ ప్రశ్న ఒక్కటని ఎప్పుడూ అనుకుని ఉండరు. పోటీకి సిద్ధమవుతూ ఆ ఒక్క ప్రశ్నను రాసుకున్న విద్యార్థికి, తర్వాత సినాప్సిస్ రాసేటప్పుడూ థీసిస్ ముందుమాట రాసేటప్పుడూ పని తేలికవుతుంది. గెలుపోటములతో సంబంధం లేని లాభం ఇది.

కంది చేలో ఒక ఉదాహరణ

ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక ఊహాత్మక థీసిస్ తీసుకుందాం. విషయం: కందిలో ఎండు తెగులును తట్టుకునే గుణం ఏ జన్యువుల్లో ఉందో వెతకడం. మామూలుగా మొదలయ్యే తీరు ఇలా ఉంటుంది:

"నా పరిశోధనాంశం కందిలో ఫ్యుజేరియం ఉడమ్ వల్ల కలిగే విల్ట్‌కు నిరోధకతనిచ్చే క్యూటీఎల్‌ల గుర్తింపు. ఇందుకోసం రీకాంబినెంట్ ఇన్‌బ్రెడ్ లైన్ల జనాభాను వాడాను."

ఇందులో తప్పు లేదు. కానీ పది సెకన్లు గడిచేసరికి హాలు మొత్తం చేజారిపోతుంది. అదే విషయాన్ని ఇంకోలా మొదలుపెడితే:

"కంది పూతకొచ్చింది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్క ఇవాళ తల వేలాడేసింది. నీళ్లు చాల్లేదేమో అనుకుంటాడు రైతు. మొక్కను పీకి కాండాన్ని నిలువునా చీల్చి చూస్తే లోపల నల్లటి చార. నేలలో ఉన్న ఒక శిలీంధ్రం వేరులోంచి పైకెక్కి, నీళ్లు మోసే గొట్టాలను మూసేసింది. కింద తడి ఉంది, మొక్క మాత్రం దాహంతో చచ్చిపోయింది. పక్క సాలులో, అదే నేలలో ఇంకో మొక్కకు ఏమీ కాలేదు. ఎందుకు కాలేదు? నాలుగేళ్లుగా నేను వెతుకుతున్నది దీన్నే."

అరనిమిషం పట్టే ఈ మాటల్లో ఒక్క శాస్త్రీయ నామం కూడా లేదు. అయినా క్యూటీఎల్ అన్న మాట వెనకున్న ప్రశ్న పూర్తిగా వచ్చేసింది. చీల్చిన కాండం ఫొటో ఒక్కటి స్లైడ్ మీద ఉంటే చాలు.

ఇక పోయినదేమిటో కూడా లెక్కచూడాలి. గొట్టాలు మూసుకుపోవడానికి కారణం శిలీంధ్రం ఒక్కటే కాదు, దాన్ని అడ్డుకోవడానికి మొక్క తనంతట తాను వేసుకునే అడ్డుకట్టలు కూడా. ఆ ముక్క చెబితే కథ మరింత ఆసక్తికరంగా ఉండేది, ఇరవై సెకన్లు ఎక్కువ పట్టేది. అసలు ప్రమాదం చివరి వాక్యంలో పొంచి ఉంటుంది. "ఈ జన్యువు దొరికితే రైతులకు ఎండు తెగులు బాధ ఉండదు" అని ముగిస్తే చప్పట్లు పడతాయి. కానీ ఈ శిలీంధ్రంలో ప్రాంతాన్నిబట్టి రకరకాలున్నాయి. ఒకచోట తట్టుకున్న వంగడం ఇంకోచోట తట్టుకోకపోవచ్చు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నేతృత్వంలో కంది జన్యుపటం 2011లోనే వెలువడింది, అందులో 48,680 జన్యువులను గుర్తించారు. 'ఆశ' లాంటి తెగులు తట్టుకునే రకాలు అంతకు ఎంతో ముందునుంచే సాగులో ఉన్నాయి. ఒక విద్యార్థి నాలుగేళ్ల పని ఇంత పెద్ద ప్రయత్నంలో ఒక ఇటుక. ఇటుకను ఇటుకగా చెప్పి కూడా వినేవాళ్లను నిలబెట్టగలిగితేనే ఆ మూడు నిమిషాలు నిజాయితీగా గడిచినట్టు.

అందరికీ ఒకే దూరం కాదు

పోటీ మీద వచ్చే విమర్శల్లో బలమైనది ఇదే: గడియారం అందరికీ ఒకటే అయినా, సబ్జెక్టులన్నీ ఒకే చోట నుంచి బయలుదేరవు. క్యాన్సర్, నీళ్లు, పంటలు, వాతావరణం మీద పనిచేసేవాళ్లకు వినేవాళ్ల ఆసక్తి ముందే సిద్ధంగా ఉంటుంది. శుద్ధ గణితంలో పనిచేసే విద్యార్థి, తాను మాట్లాడుతున్న వస్తువేమిటో చెప్పడానికే రెండు నిమిషాలు ఖర్చుపెట్టాలి. "దీనివల్ల ఉపయోగమేంటి?" అన్న ప్రశ్నకు "ప్రస్తుతానికి ఏమీ లేదు" అన్నదే సరైన జవాబు కావొచ్చు, కానీ వేదిక మీద ఆ జవాబు చెప్పే ధైర్యం అరుదు. ఆశించిన ఫలితం రాని పరిశోధనలకూ ఇదే ఇబ్బంది. అవి శాస్త్రానికి అవసరమే, కానీ వాటికి కథలో క్లైమాక్స్ ఉండదు.

తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాల విద్యార్థుల సమస్య దీనికి తలకిందులు. వాళ్ల మాటలు అందరికీ అర్థమవుతాయి. అందుకే "ఇందులో పరిశోధన ఏముంది?" అనిపిస్తుంది. కడప జిల్లా కలమళ్లలో దొరికిన ఆరో శతాబ్దపు రేనాటి చోళుల శాసనం తొలి తెలుగు శాసనమని బడిపిల్లలకూ తెలుసు. అరిగిపోయిన రాతిమీది ఒక అక్షరాన్ని ఇలాగే ఎందుకు చదవాలో, వేరేలా చదివితే వాక్యం ఎలా మారిపోతుందో చూపిస్తే తప్ప అక్కడి శ్రమ కనిపించదు. సైన్స్ విద్యార్థి తెలియనిదాన్ని తెలిసినట్టు చేయాలి. వీళ్లు తెలిసిందనుకున్నదాన్ని కాసేపు తెలియనట్టు చేయాలి. రెండోదే కాస్త కష్టమేమో.

వాక్చాతుర్యం ఉన్నవాళ్లకు, ఇంగ్లిష్ మీడియం ఉచ్చారణ ఉన్నవాళ్లకు మొగ్గు ఉంటుందన్నది మరో విమర్శ. అది నిజమే. స్టేజీ టెన్షన్‌తో నోరెండిపోయే విద్యార్థి పని, గెలిచినవారి పని కంటే గొప్పది కావచ్చు. ఈ పోటీ పరిశోధన నాణ్యతను కొలవదు. కొలుస్తుందని అనుకున్నప్పుడే గొడవ.

మూడు నిమిషాలకు ముందూ, పక్కనా

పరిశోధనను బయటివాళ్లకు చెప్పించడం ఆస్ట్రేలియాతో మొదలవలేదు. ఫిన్లాండ్‌లో థీసిస్ పరీక్ష మొదలయ్యేది విద్యార్థి ఇచ్చే ఉపన్యాసంతో. ఇరవై నిమిషాలు మించని ఆ ఉపన్యాసం మామూలు మనుషులకు అర్థమయ్యేలా ఉండాలన్నది ఆనవాయితీ. నెదర్లాండ్స్‌లో చాలాచోట్ల పరీక్షకు ముందు పది, పదిహేను నిమిషాలు విద్యార్థి ఇంటివాళ్లకు, స్నేహితులకు తన పని గురించి చెబుతారు. ఆ తర్వాతే ప్రొఫెసర్ల ప్రశ్నలు. నలభై అయిదు నిమిషాలు కాగానే దండం పట్టుకున్న అధికారి ఒకరు లోపలికొచ్చి, సమయమైందని లాటిన్‌లో ప్రకటిస్తారు. వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయాల్సిందే. గడియారం పెత్తనం అక్కడ ఎప్పటినుంచో ఉంది.

పోటీల విషయానికొస్తే, బ్రిటన్‌లోని చెల్టెన్‌హామ్‌లో 2005లో మొదలైన ఫేమ్‌ల్యాబ్‌లోనూ గడువు మూడు నిమిషాలే. అక్కడ స్లైడ్‌లు అసలే ఉండవు, చేత్తో పట్టుకెళ్లగలిగే వస్తువులు వాడుకోవచ్చు. త్రీ మినిట్ థీసిస్ తరహాలోనే ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ల కోసం 2012లో కెనడాలోని క్యుబెక్‌లో ఒక పోటీ పెట్టారు. రెండేళ్లకు అది ఫ్రాన్స్‌కు చేరింది. దాని పేరులో నిమిషాలు లేవు, 180 సెకన్లు అని ఉంటుంది. 'సైన్స్' పత్రిక 2008 నుంచి థీసిస్‌ను నాట్యంగా చేసి చూపే పోటీ కూడా నడుపుతోంది. అదెంతవరకు అర్థమవుతుందన్నది వేరే సంగతి.

భారత్‌లో ప్రభుత్వం ఎంచుకున్న దారి మాట కాదు, రాత. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2018లో అవసర్ అనే పథకం తెచ్చింది. పీహెచ్‌డీ విద్యార్థులు తమ పరిశోధన గురించి సామాన్యులకు అర్థమయ్యే వ్యాసం రాసి పంపాలన్నది దాని షరతు. మొదలైనప్పుడు మొదటి బహుమతి లక్ష రూపాయలు, ఎంపికైన వంద వ్యాసాలకు పదేసి వేలుగా పెట్టారు. రాతలో మార్చుకోవచ్చు, కొట్టేయొచ్చు, గైడ్ చేత దిద్దించుకోవచ్చు. లోపం కూడా అక్కడే ఉంది. ఎదుటివాళ్ల ముఖంలో అర్థం కాని చూపు కాగితం మీద కనబడదు.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ ఆగుతోంది

అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో దేశంలో పీహెచ్‌డీ చేస్తున్నవారు 2.12 లక్షల మంది. 2014-15లో ఆ సంఖ్య 1.17 లక్షలు. వాళ్ల ఫెలోషిప్పుల్లో ఎక్కువభాగం ప్రజల డబ్బే. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు, సీనియర్‌కు 42,000. ఆమోదం పొందిన థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉంటాయి. దారి తెరిచే ఉంది. చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లు తక్కువ, అంతే.

మూడు నిమిషాల పోటీలు మన దగ్గరా కొన్ని విద్యాసంస్థల్లో జరుగుతున్నాయి, సాధారణంగా ఇంగ్లిష్‌లో. కారణం సులువుగానే తెలుస్తుంది. తెలుగు శాఖ లాంటివి మినహాయిస్తే, కోర్సువర్క్ నుంచి వైవా దాకా అంతా ఇంగ్లిషే. విద్యార్థి ఆలోచన కూడా ఆ పదాల్లోనే గడ్డకడుతుంది. తెలుగులో చెప్పమంటే "పదాలు లేవండీ" అంటారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు వేసింది కాబట్టి పదాలు లేవనడం పూర్తిగా నిజం కాదు. అయితే ఈ పనికి ఆ పదాలు కూడా పెద్దగా సాయపడవు. ఫోటోసింథసిస్ అన్నా, కిరణజన్య సంయోగక్రియ అన్నా, తెలియనివాళ్లకు రెండూ ఒకటే. ఆకు ఎండను వాడుకుని తన వంట తాను చేసుకుంటుందంటే తెలుస్తుంది. కావలసింది పదానికి పదం కాదు, పనిని చూపించే వాక్యం. కంది ఉదాహరణలో జరిగింది అదే.

ఈ కసరత్తు పేరు లేకుండా హైదరాబాద్‌లో ఏటా జరుగుతూనే ఉంది. జాతీయ సైన్స్ దినోత్సవమైన ఫిబ్రవరి 28 లాంటి సందర్భాల్లో పరిశోధన సంస్థలు బడిపిల్లలకు తలుపులు తెరుస్తాయి. పోస్టర్ పక్కన నిలబడిన స్కాలర్, వచ్చిన ప్రతి గుంపుకూ అదే విషయం తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పుకుంటూ పోతారు. ఇరవయ్యో గుంపు వచ్చేసరికి వాక్యం నున్నబడుతుంది. ఇక్కడ గడియారం లేదు, విసుగొచ్చిన పిల్లలు పక్క టేబుల్‌కు వెళ్లిపోతారు. అంతకంటే కచ్చితమైన న్యాయనిర్ణేతలు దొరకడం కష్టం.

పోటీని అన్ని విశ్వవిద్యాలయాల్లో తప్పనిసరి చేస్తే మేలు జరుగుతుందా అంటే, అనుమానమే. ఖర్చు పెద్దగా ఉండదు: ఒక హాలు, ఒక ప్రొజెక్టర్, ఒక స్టాప్‌వాచ్. కానీ తప్పనిసరి అయిన ప్రతిదీ సర్టిఫికెట్ కోసం చేసే పనిగా మారడం మన క్యాంపస్‌లకు కొత్త కాదు. ముందు వరుసలో డిపార్ట్‌మెంట్ వాళ్లే కూర్చుంటే విద్యార్థి మళ్లీ వాళ్ల భాషలోనే మాట్లాడతారు. గడువు మూడు నిమిషాలకు తగ్గినా టకటక మారదు. వినేవాళ్లు మారాలి.

ఆ వినేవాళ్ల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. వైవాను బయటివాళ్లు చూసే వీలు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల్లో ఉంది. 2022 నిబంధనల ప్రకారం అధ్యాపకులు, ఇతర స్కాలర్లు, విద్యార్థులు రావొచ్చు. తల్లిదండ్రుల ప్రస్తావన వాటిలో లేదు. అయినా చాలా వైవాల్లో చివరి వరుసలో వాళ్లు కనిపిస్తారు. ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, శాలువా, స్వీట్ ప్యాకెట్లు ఒళ్లో పెట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా గంటసేపు కదలకుండా కూర్చుంటారు. తర్వాత ఫొటోలో మాత్రం ముందుకొస్తారు. డచ్ పద్ధతిలో మొదటి పదిహేను నిమిషాలు వాళ్లవే. మన వైవా కార్యక్రమంలో ఆ పద్దు లేదు. స్కాలర్ బోర్డు దగ్గరికి వెళ్లేముందు వెనక్కి తిరిగి, వాళ్ల భాషలో మూడు నిమిషాలు మాట్లాడితే కాదనే నిబంధన కూడా కనిపించదు.